కూర్చున్నవాళ్ళ జాగా ఖాళీ కాదు

జహీరాబాద్‌లో పంచాయతీల వ్యవహారం చూసే పెద్ద అధికారి గారికి, కోటబసవాపూర్ గ్రామస్థుడు గురులింగప్ప రాసుకున్న అర్జీ.

విషయం: కేంద్రం తేబోతున్న సంస్కరణల పేరిట మా ఊరి లింగాయతుల రుద్రభూమిని నిరుపయోగ భూమిగా చూపి లారీల అడ్డాకు లీజుకు ఇవ్వడం గురించి, మరియు సదరు భూమిలో నా భార్య ఉండడం గురించి.

అయ్యా,

ఈ అర్జీ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్ళీ పెట్టేశాను, చాయ్ తాగి పడుకున్నాను. పక్కింటి శంకరప్ప గోడ మీదుగా తొంగిచూసి, "ఏం గురులింగా, మల్ల రాస్తున్నవా? నీ ముందటి అర్జీలు చదివి ఆఫీసర్లంత ఏడుస్తున్నరట. ఇంకోటి పంపు, పాపం" అన్నాడు. దగ్గు తెర ఆగకపోయినా మధ్యలో సందు చూసుకుని వెక్కిరించగల మనిషి. అతని మాట నిజమే గనుక పడుకున్నాను. సాయంత్రం పంచాయతీ గోడకు అంటించిన నోటీసులో "నిరుపయోగ ఆస్తి" అనే మాట చదివాను. నా భార్య శాంతమ్మను బతికున్నన్నాళ్ళు ఆ మాట అనే ధైర్యం నాకే లేకపోయింది. గోడకు అంటించిన వాళ్ళకు ఎలా వచ్చిందో తెలుసుకుందామని రాస్తున్నాను.

1. మొదట మా పద్ధతి మనవి చేసుకుంటాను, తమరికి తెలియదని కాదు, తెలిసినట్టు నోటీసులో కనబడలేదు గనుక. మేము పోయినవారిని కాల్చము, పడుకోబెట్టము. గుంతలో పద్మాసనం వేయించి కూర్చోబెడతాము. ఎడమ అరచేతిలో లింగం ఉంచుతాము. విభూతి, మారేడు పత్రి వేసి మట్టి పోస్తాము. కూర్చున్న మనిషికి ఎంత కొద్ది జాగా చాలునో తమరికి వేరే చెప్పనక్కర్లేదు, ఆఫీసులో రోజంతా అదే పని మీద ఉంటారు గదా. మా తాతలు బీదరు వైపు నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన నాటి నుంచి ఊరంత మందిమి ఆ చిన్న గడ్డలోనే సర్దుకున్నాము. కాగితాల మీద రుద్రభూమి అంటాము, నోటితో బొందలగడ్డ అంటాము.

శాంతమ్మ నాలుగేండ్ల కింద వానకాలంలో కాలం చేసింది. ఆమె తల దగ్గర నేను ఒక మారేడు మొక్క నాటాను. ఆమెకూ ఆ మొక్కకూ పక్కన నాకు జాగా ఉంచినట్టు మా పెద్దలు పదిమందిలో చెప్పారు. నాకు ఈ భూమ్మీద ఇంకేమీ అడగాలని లేదు. ఈ అర్జీలో తక్కినదంతా చదవకపోయినా, ఈ పేరా చదవవలెను.

2. ఇక జరిగిన మోసం. మోసం అన్నాను గాని, మమ్మల్ని మోసం చేసింది మా శుభ్రతే. ఊరికి ఆఫీసర్లు వస్తున్నారంటే ఊడ్చి పెట్టడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. వెనక ఒకసారి ఎవరో పెద్దాఫీసరు వస్తాడని బర్రెలకు కూడా స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాసి నిలబెట్టారు. ఆయన జీపు దిగనే లేదు. బర్రెలు మాత్రం నాలుగు రోజులు మమ్మల్ని అదోలా చూశాయి. అది వదిలేయండి.

ఈసారి పంచాయతీ కార్యదర్శి జగదీశ్ మైకులో చెప్పాడు: "పరిశుభ్రత మార్కులు వేస్తున్నరు. ఊరు అద్దం లెక్క ఉండాలె. బొందలగడ్డ గూడ విడిచిపెట్టొద్దు." మేము విడిచిపెట్టలేదు. తంగేడు పొదలు కొట్టేశాము. వంకరటింకర మట్టి దిబ్బలు చూడడానికి బాగుండవని చదును చేశాము. దిబ్బల మీద ఉండే గుర్తు రాళ్ళన్నీ తీసి, ఎవరి రాయి ఎవరిదో చూడకుండా, గడ్డ చుట్టూ వరుసగా పేర్చి సున్నం కొట్టాము. పాపం, ఎంత అందంగా ఉండిందో! మారేడును నరకడం మాకు పాపం గనుక శాంతమ్మ చెట్టు ఒక్కటి మిగిలింది. ఆ రోజు నాకు జ్వరం. లేచి వెళ్ళి చూసేసరికి మా తాతముత్తాతలంతా గట్టు మీద తెల్లగా వరుసగట్టి నిలబడ్డారు.

3. ఆ వారమే డ్రోన్ వచ్చింది. తుమ్మెద లాగా మోగుకుంటూ ఊరంతా తిరిగి, ఎవరి ముఖమూ చూడకుండా పోయింది. తరువాత వచ్చిన మ్యాపులో మా రుద్రభూమికి ఇచ్చిన వర్ణన ఇది: "ఖాళీ స్థలం. హద్దులు స్పష్టం. చెట్టు ఒకటి. జాతీయ రహదారికి సమీపం." మా పెద్దల రాళ్ళు మా పెద్దలనే బయటికి నెట్టే హద్దు రాళ్ళయ్యాయి.

నేను పంచాయతీ ఆఫీసుకు పోయి జగదీశ్‌ను అడిగాను. జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"బిడ్డా, అక్కడ మనుషులున్నరు."

"తాతా, మ్యాపుల ఒక్క సమాధి గూడ కనిపిస్తలేదు. నన్నేం చెయ్యమంటవ్?"

"కనిపించకుంట సాఫ్ చేసింది మేమే. చెయ్యమన్నది నువ్వే."

"సాఫ్ చెయ్యమన్న గని, గంత సాఫ్ చెయ్యమన్ననా?"

"మరి మల్ల దిబ్బలు పోస్తం, రాళ్ళు పెడ్తం."

"ఇప్పుడు పోస్తే కబ్జా అంటరు తాతా. మ్యాపు అయిపోయింది గద."

అంటే, అయ్యా, నా భార్య తన జాగాలో తాను కూర్చుంటే అది ఆక్రమణ. ఈ లెక్కన తమరి కుర్చీ మీదుగా ఒక డ్రోన్ పోయిందనుకోండి, ఆ సమయానికి తమరు లేచి చేతులు కడుక్కోను పోయారనుకోండి. తిరిగొచ్చేసరికి అందులో ఒక లారీ ఆగి ఉంటే తమరు ఏ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటారు?

4. సంస్కరణల సంగతి. వచ్చే ఏడాది నుంచి పంచాయతీలు తమ సొంత రాబడి చూపించుకోవాలట. ఖాళీగా ఉన్న ఆస్తిని లీజుకు ఇవ్వని ఊరికి కేంద్రం గ్రాంటు కోత పడుతుందట. దీన్ని గ్రామాలకు స్వేచ్ఛ ఇవ్వడం అంటారట. ఇదంతా ఇంకా రాబోయేదే. కానీ మా కార్యదర్శి పెండ్లికి ముందే బారసాల చేసే రకం. గ్రామసభ పెట్టించాడు. తీర్మానం పైనుంచే అచ్చు వేసి వచ్చింది. ఊరి పేరు ఉండవలసిన చోట చుక్కలు, సర్పంచ్ సంతకానికి ఒక గీత. ఆ చుక్కల జాగానే మా స్వేచ్ఛ అని నాకు అర్థమైంది.

మా సర్పంచ్ శోభారాణి చెడ్డమనిషి కాదు. మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు తలమీద కొంగు సర్దుకునే పిల్ల. సభలో నేను లేచి అరిచాను. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"తాతా, అవ్వ అంటే నాకు లెక్క లేదనుకున్నవా? నా పెండ్లికి అరిసెలు ఒత్తింది ఆమెనే గద."

"మరెట్ల సంతకం పెడ్తవ్?"

"పెట్టకుంటే గ్రాంటు రాదంటున్నరు. నీళ్ళ మోటరు కాలిపోయి ఎన్ని దినాలాయె! ఆడోళ్ళు బిందెలు పట్టుకుని నా ఇంటి ముందట నిలబడ్తున్నరు. వాళ్ళకు ఏం చెప్పాలె? శాంతమ్మవ్వ కోసం దూప తట్టుకోండ్రి అని చెప్పాల్నా?"

ఆమె మాటలో తప్పు లేదని ఒప్పుకుంటున్నాను. అయితే ఆ పిల్లను ఆ మాట అనే గతికి తెచ్చిన వాళ్ళు ఎవరు? ఒక చేతిలో ఊరి నీళ్ళు, ఒక చేతిలో ఊరి శవాలు పెట్టి, ఏదో ఒకటి వదులు అనడానికి ఢిల్లీ దాకా చదువుకోవాలా? ఆ తెలివి సంత దొంగలకు కూడా ఉంటుంది. వాళ్ళు దాన్ని సంస్కరణ అనరు, అంతే తేడా.

శోభారాణి సంతకం పెట్టింది. పెట్టి, పెన్ను మూత కూడా పెట్టకుండా లేచి పోయింది.

5. "నిరుపయోగం" అన్నమాట గురించి. ఈ మాట రాసిన వారికి ఒక సంగతి తెలియాలి. ఆ భూమి ఒక్క రోజు కూడా ఊరికే లేదు. సోమవారం మేము పోతాము. అలిగిన కోడండ్లు అక్కడికి పోయి అత్తల మీద చాడీలు చెప్పుకుంటారు, అత్తలు కూర్చునే ఉంటారు గాని ఎదురు చెప్పరు. నేను రోజూ పోయి శాంతమ్మకు ఊరి సంగతులు చెబుతాను. అల్లం ధర పడిపోయిందని, చెరుకు లారీలు ఫ్యాక్టరీ ముందు బారుగట్టాయని, శంకరప్ప ఇంకా పోలేదని. ఇంత ఉపయోగంలో ఉన్న ప్రభుత్వ భవనం మన మండలంలో ఇంకొకటి ఉంటే చూపించవలెను.

ఇప్పుడు అక్కడ ఎర్ర మొరం మట్టి పోసి చదును చేసి బొంబాయి లారీలు నిలుపుతారట. పద్నాలుగు చక్రాల బండి ఆమె నెత్తిమీద నిలబడి, డ్రైవరు కింద తువ్వాల పరుచుకుని పడుకుంటాడు. డీజిల్ కారుతుంది. ఆమె జీవితకాలమంతా గడప మీద చెప్పు పెట్టనివ్వని మనిషి, అయ్యా. నన్నే పెట్టనివ్వలేదు.

6. కాబట్టి కోరునది ఏమనగా:

సదరు లీజు రద్దు చేయించవలెను. డ్రోన్ ఎగరేసిన వారిని ఒకసారి చెప్పులు విడిచి ఆ గడ్డ మీద నడిపించవలెను. నీళ్ళ మోటరు బాగు చేయించే డబ్బును చచ్చినవాళ్ళ మెడకు కట్టకుండా వేరే దారి చూడవలెను. ఇవేవీ చేతకాకపోతే, మా పెద్దలందరూ తమరి నోటీసు అందిన వెంటనే లేచి ఎక్కడికి పోవలెనో, మారేడు చెట్టు పక్కన ఉంచిన నా జాగా ఏ లారీకి కేటాయించారో, రాతపూర్వకంగా తెలపవలెను. బదులు రాకపోతే, తమరి ఆఫీసు వరండాలో పద్మాసనం వేసుకుని కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదు. మాకు కూర్చోవడం అలవాటే.

ఇది తమరు చిత్తగించినా మానినా, చదవకుండా మాత్రం దొంతరలో పెట్టవద్దని వేడుకోవడం లేదు, హెచ్చరిస్తున్నాను.

విధేయత ఇంకా కొంచెం మిగిలి ఉన్న,
తమ
గురులింగప్ప
కోటబసవాపూర్, మొగుడంపల్లి దారి.

తా.క. ఈ అర్జీ పోస్టు చేయకముందే కింది సంగతులు జరిగినందున రాస్తున్నాను.

బుధవారం మధ్యాహ్నం శంకరప్ప పోయాడు. దగ్గుతోనే పోయాడు. అప్పటికే లీజు పట్టినవాళ్ళు గడ్డ ముందు భాగమంతా మొరం పోసి తొక్కించారు. మిగిలినది మారేడు చెట్టు దగ్గరి వార ఒక్కటే. శంకరప్ప కొడుకు రాజశేఖర్ నా దగ్గరికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాడు అడగలేడని నాకు తెలుసు. "తవ్వుండ్రి" అన్నాను. "అది మీ జాగా గద పెద్దనాయనా" అన్నాడు. "రేపు పొద్దుగాల టిప్పర్ వస్తది. మీ నాయినను ఏడ కూసోబెడ్తవ్, గోడ మీదనా?" అన్నాను.

గుంత తీశారు. శంకరప్పను శాంతమ్మ పక్కన కూర్చోబెట్టాము. మట్టి ఎత్తుగా, మనిషి నడుము దాకా పోయించాను. గట్టు మీది సున్నపు రాళ్ళలో ఒకటి తెచ్చి దిబ్బ మీద నిలబెట్టాము. అది ఎవరి రాయో మాకు తెలియదు.

పొద్దున టిప్పర్ వచ్చింది. డ్రైవరు దిగి, దిబ్బ మీద విభూతి, పూలు చూసి, "ఎప్పుడు?" అని అడిగాడు. "నిన్న" అన్నాను. మొరం రోడ్డు వారకు పోసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.