పుల్ల పెరుగు కుండ

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ పొద్దున ఎస్టీడీ బూత్ పక్కన మన బండి మీద బోండాలు నీ చేతివి లాగే వచ్చాయి. ఆ మాట నీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

నువ్వు పోయిన రోజు ఆచారం ప్రకారం ఇంట్లో వండినవీ, తోడేసినవీ అన్నీ పారబోశారు. నీ పుల్ల పెరుగు కుండ కూడా. పెరుగే కదా అనుకున్నాను. తర్వాత పాకెట్ పెరుగుతో పిండి కలిపితే పొంగలేదు. వంట సోడా ఇంకాస్త వేశాను. "ఏమమ్మా, సబ్బు తిన్నట్టుండాది," అని బస్సు కండక్టర్ సగం కొరికి వదిలేశాడు.

కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ పుల్ల పెరుగు చెడిపోయిందని పారబోయబోతే, నువ్వు నా చేయి పట్టుకున్నావు. "పులుపు తగిల్తేనే సోడా లేస్తాది. లేకుంటే చేదై పడుంటాది," అన్నావు. అది గుర్తొచ్చి పిండిలో నిమ్మరసం పోసి చూశాను. పిండి పొంగింది గానీ, నీ రుచి రాలేదు.

మొన్న ఎదురింటి మరియమ్మ గిన్నె పట్టుకొచ్చింది. "మీ అత్త ఇచ్చిన తోడే ఇది. దినామూ దీంతోనే పెరుగు తోడేస్తాండా," అంది.

దాంతో పెరుగు తోడేసి రెండు రోజులు పులియబెట్టాను. ఈ పొద్దున ఆ పెరుగుతో పిండిలో సోడా వేసి కలిపితే చేతి కింద సన్నగా బుసబుసమంది. నువ్వు చెవి ఒగ్గి వినే చప్పుడే. అది ఆగేదాకా చేయి తీయలేదు. మొదటి వాయి ఆలస్యమైంది.

ఆ తోడు మానొద్దని మరియమ్మకు చెప్పాను. రేపొద్దున నేను పోయినా ఈ ఇంట్లో కుండ పారబోస్తారు కదా.