వెనక ఇరుసు తుప్పు

లెలాండ్ అన్నయ్యకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. నాన్నకు కొన్న కొత్త పడవను లాగడానికి బాగుంటుందని నువ్వు చెప్పిన పాత ఎస్‌యూవీని నిన్న చూసి వచ్చాను. "అమ్మే ఆవిడ రిటైరైన టీచర్రా, చర్చికి తప్ప బండి బయటికి తియ్యదు" అన్నావు. ఆ ఓడెల్ టీచరు కూడా అదే మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

బండి కింద పడుకుని చూశాను. ముందు వైపు కడిగిన ముత్యంలా ఉంది. వెనక ఇరుసు మాత్రం ఎర్రగా తుప్పు పట్టింది. మన సముద్ర తీరంలో అలా తుప్పు పట్టేది, పడవను దించడానికి ఉప్పునీళ్లలోకి వెనక్కి దిగే బండికే. "మీ చర్చి సముద్రంలో ఉందాండీ?" అని అడిగితే, "మీ అన్ననే అడుగు బాబూ" అని లోపలికి వెళ్లిపోయింది.

స్టెప్నీ తీసి చూస్తే, పడవను ట్రైలర్‌కు బిగించే పట్టీ ఒకటి దొరికింది. చిరిగిన చోట నీలం గాలపు దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు నాన్నది. పోయిన సెప్టెంబరు తుఫానుకు నాన్న పాత పడవ, ట్రైలర్, పట్టీలు అన్నీ కొట్టుకుపోయాయని ఏడుస్తూ ఫోన్ చేసింది నువ్వే కదా!

నాన్న ఇప్పటికీ ప్రతి ఆదివారం చిత్తడి గడ్డిలో ఆ పడవ కోసం వెతుకుతున్నాడు. ఈ ఆదివారం ఆయన బయలుదేరేలోగా అది ఎక్కడుందో నువ్వే వచ్చి చెప్పు. లేకపోతే పట్టీ ఆయన చేతిలో పెడతాను.

నీ తమ్ముడు