కారు ఇవాళ అమ్ముడుపోదు

ఏవండీ,

కారు స్టార్ట్ చేయకండి. పొగగొట్టంలో పూడుకుపోయిన కన్వర్టర్, అదే పొగను శుభ్రం చేసే డబ్బా, విప్పేసి, గోనెసంచిలో చుట్టుకుని విజయవాడ బస్సెక్కుతున్నా. కొత్తది దొరక్కుండా మళ్ళీ జగ్గయ్యపేటలో దిగను.

కారు కొంటానన్న సాయిప్రసాద్ గారు పదింటికి నందిగామ నుంచి వస్తే కాఫీ ఇచ్చి పంపేయండి. ఆయిల్ తాగుతోంది, ఇంజను పోయిందని మీరూ మీ ట్రాక్టర్ మెకానిక్కూ తేల్చేశారు. పిస్టన్లు లేని ఈ రోటరీ ఇంజను ఆయిల్ తాగడం జబ్బు కాదండీ, దాని పుట్టుకే అంత. ఆ ఆయిల్ మసి పట్టే కన్వర్టర్ మూసుకుపోయింది. పొగ పోయే దారి లేక ఈడ్చుకుంటూ నడిచే బండిని చచ్చిందంటారా?

నన్నడక్కుండా నా కారు బేరం పెట్టారు. మిమ్మల్నడక్కుండా నేనూ విప్పా.

రాజ్యశ్రీ

కారింకా జాకీ మీదే ఉంది, కిందకి దూరకండి. మీ మీద కోపమే గానీ, మరీ అంత కోపం లేదు.