చిన్నదాని వంతు పాలు

ఆదోని,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన బావకు,

నందిని నమస్కారాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు కూడా ఆ బెంగళూరులో వేళకు ఇంత తిని బాగున్నావనే అనుకుంటున్నాను. అందరం అని రాసేశాను గాని, ఆ మాట దగ్గరే చేయి ఆగింది. అందరంలో చిన్నది కూడా ఉండాలి కదా. అది ఇక్కడ లేదు.

ఫోన్ పెట్టుకుని ఉత్తరమేంటని మీ షెడ్డు శేషన్న నవ్వాడు. నవ్వనీ. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ అమ్మది. చెవి సరిగ్గా వినపడదని స్పీకరు పెడితే గాని ఆమె మాట్లాడదు, నన్ను మాట్లాడనివ్వదు. నీ వైపు చూస్తే షెడ్డునిండా సెంట్రింగు పనివాళ్లు. పాల సంగతి అంతమంది చెవుల్లో వేస్తూ ఎట్లా చెప్పేది? నీ ఉత్తరం తెచ్చిన శేషన్నే నాదీ తీసుకుపోతానన్నాడు. ఆదివారం సాయంత్రం బస్సుకు బయలుదేరతాడట.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది అంటుంది, పత్తి జిన్నింగు మిల్లు నుంచి వచ్చేటప్పుడు మాత్రం కుంటుతూనే వస్తుంది. తైలం రాస్తానంటే "నా కాలు నేను సూసుకుంటా, నువ్వు నీ బిడ్డను సూసుకోపో" అని కసురుతుంది. వంటింటి మీద పగిలిన రేకు మార్పించాం. పెద్దది నవ్వుతోందా అని అడిగావు. నవ్వుతోంది బావా, నిద్రలో కాదు, నా ముఖం చూసి నవ్వుతోంది. అచ్చం నీలాగే నవ్వు మూతికి ఒక పక్క మొదలవుతుంది. అది నవ్వినప్పుడల్లా రెండోది కూడా నవ్వడం నేర్చిందేమో, ఎవరి ముఖం చూసి నవ్వుతోందో అని మనసు పీకుతుంది.

చివర్లో ఇంకొకటి రాశావు. "అక్క దగ్గర చిన్నది బాగానే ఉంది కదా, బరువు కూడా పెరిగిందట, ఇంకా నీకేం దిగులు?" అని. చదివి ఒళ్లు మండింది. కాగితం ఉండచుట్టి మూలకు విసిరేసి, మళ్లీ నేనే తెచ్చుకుని సాపు చేసుకున్నాను. నీకు తెలియదులే పాపం, ఎవరూ చెప్పలేదు.

పిల్లలు పుట్టినప్పటి నుంచి మీ అమ్మది ఒక కట్టుబాటు. జోడుబిడ్డల్లో పెద్దదానికి కుడి పక్క పాలు, చిన్నదానికి ఎడమ పక్క పాలు. ఒకదాని పక్క ఇంకోదానికి ఇవ్వకూడదు. "ఒగదాని ఎంగిలి ఒగదానికి పెడితే పెద్దయినాక జుట్లు పట్టుకుంటారు" అని. ఆమెకు వాళ్ల అత్త చెప్పిందట. మీ అమ్మనొక్కదాన్నే అనడానికి లేదు, నాకూ అది న్యాయంగానే తోచింది. ఎవరి వంతు వాళ్లది, పేచీ లేదు అనుకున్నాను.

పెద్దది గట్టిపిండం. ఆకలేస్తే దూడ కుమ్మినట్టు కుమ్మి లాగేస్తుంది. కుడి పక్క పాలు ధారగా వచ్చేవి. చిన్నదానికి దవడలో సత్తువే లేదు. నాలుగు గుక్కలు లాగేసరికి అలసిపోయి కళ్లు మూసేది. తాగితేనే కదా ఊరేది, ఎడమ పక్క పాలు తగ్గుతూ వచ్చాయి. పాలు తగ్గేకొద్దీ అది ఇంకా నీరసపడింది, నీరసపడేకొద్దీ పాలు ఇంకా తగ్గాయి. టీకాల రోజు నర్సమ్మ తూకం వేసి నా మీద కేకలేసింది. పక్కలు మార్చి ఇవ్వమంది. ఇద్దరినీ ఒకేసారి పెట్టుకోవడం దిండ్లు వేసి చూపించింది. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ చెవులు మూసుకుంది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఒకేసారి ఇద్దరినీ పెట్టుకోవాలంటే అందించడానికి ఇంకో మనిషి కావాలి. పగలంతా మీ అమ్మ మిల్లులో ఉంటే నాకెవరు అందిస్తారు?

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి ఏసమ్మ వదినె వచ్చింది. పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండని మనిషి, మనకు తెలియనిది కాదు. "కొన్నాళ్లు నా దగ్గర పెట్టుకుంటా, డబ్బాపాలు పోసి గట్టి చేసి తెస్తా" అని చిన్నదాన్ని తీసుకుపోయింది. బరువు పెరిగిన మాట నిజమే, నేను కాదనను. వదినె దాన్ని కళ్లలో పెట్టుకుని చూస్తుందని కూడా తెలుసు. నా భయం అది కాదు.

నా పాలు ఇగిరిపోతున్నాయి బావా. చిన్నది పోయిన కొత్తలో ఎడమ పక్క గడ్డకట్టి చలిజ్వరం వచ్చింది. పిండి, ఎవరూ తొక్కకుండా కరివేపాకు మొదట్లో పోసేదాన్ని. పోస్తుంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎంత పిండినా ఉగ్గుగిన్నె అడుగు తడవడం లేదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే పోతే, దాన్ని తెచ్చుకున్నా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అప్పుడు అందరూ ఒకే మాట అంటారు, పాలు లేవు కదా, అక్కడే ఉండనీ అని. దానికి నేనేం జవాబు చెప్పను? అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఇదే ఆలోచన. పాలు పడతాయని పొరుగువాళ్లు చెప్పినవన్నీ తింటున్నాను. వెల్లుల్లి తిని తిని నా ఒళ్లే వెల్లుల్లి వాసన వస్తోంది.

అందుకే రేపు పెద్దదాన్ని చంకనేసుకుని ఎమ్మిగనూరు పోతున్నాను. మీ అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పోతే పో. ఏసమ్మ మనసు మాత్రం నొప్పియ్యొద్దు. అది కూడా నా బిడ్డే" అంది.

ఎమ్మిగనూరు,
ఆదివారం.

శేషన్న ఈ ఊళ్లోనే బస్సు ఎక్కుతానని వదినె ఫోనుకు చేసి చెప్పాడు, అందుకని మిగతాది ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. ఒడిలో ఒకర్ని పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

నిన్న నన్ను చూసి వదినె గడపలోనే నిలబడిపోయింది. "ఏం, ఒగ ఫోనన్నా సెయ్యకుండా వచ్చినావు?" అంది. చిన్నది ఆమె భుజం మీద ఉంది. కొత్త గౌను, కాటుక, అరికాలికి చుక్క. బుగ్గలు వచ్చాయి బావా. నేను చేతులు చాపితే తల తిప్పేసి ఏడుపు అందుకుంది. తల్లిని చూసి బిడ్డ ఏడ్చింది. ఇంకేం చెప్పను.

కూర్చుని దాని వంతు ఎడమ పక్కే ఇచ్చాను. రెండుసార్లు లాగింది, ఏమీ రాలేదు. వెనక్కి విరుచుకుని ఒకటే కేకలు. సీసాకు అలవాటుపడిన నోరు, ఊరికే ఎందుకు కష్టపడుతుంది? "నీ దగ్గర ఏముండాదని తాగుతాది? యాల ఏడిపిస్తాండావు బిడ్డను? ఇట్ల తే" అంటూ వదినె సీసా పట్టుకొచ్చింది. నిజం చెబుతున్నాను, ఆమె మాట న్యాయమే అనిపించింది. ఇచ్చేద్దామనే చేతులు లేపాను.

ఇంతలో మంచం మీద పడుకున్న పెద్దది లేచి, చెల్లెలి ఏడుపుకు తానూ శ్రుతి కలిపింది. "వదినే, ఆ దిండ్లు ఇట్లా వెయ్యి, పెద్దదాన్ని కూడా అందియ్యి" అన్నాను. రెండు చంకల కిందా ఇద్దరినీ పెట్టుకున్నాను. పెద్దదాన్ని ఎడమ పక్క, చిన్నదాన్ని కుడి పక్క. వదినె చూసి "అయ్యో, పక్కలు మారినాయి! అమ్మకు తెలిస్తే?" అంది. "తెలియనీ" అన్నాను.

చిన్నది నోరు పెట్టదు, తల విదిలిస్తుంది. వదినె దాని తల కింద చేయి పెట్టి పట్టుకుంది. ఈ లోపల పెద్దది ఊరుకుంటుందా, ఎండిన పక్క అని కూడా చూడకుండా తన మామూలు కుమ్ముడు మొదలుపెట్టింది. కొంచెంసేపటికి నా ఒళ్లు జల్లుమంది. రెండు పక్కలా పాలు ఒక్కసారే చేపుకొచ్చాయి. చిన్నది లాగనే లేదు, పాలు వాటంతట అవే దాని పెదవుల మీద పడ్డాయి. ఏడుపు ఆపింది. నాలుకతో చూసుకుంది. తర్వాత పట్టుకుంది బావా! గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు మా ఇద్దరికీ వినపడింది.

"ఓయమ్మా, పెద్దది లాగితే సిన్నదానికి వస్తాండాయే!" అంది వదినె. నేను నవ్వాను. నవ్వుతూ ఆమె ముఖం చూస్తే, కళ్లనుంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి. చేయి మాత్రం దాని తల కిందనుంచి తీయలేదు. అది తాగి నిద్రపోయేదాకా అట్లాగే వంగి నిలబడింది. అప్పుడు చాలా మెల్లగా అడిగింది. "అయితే తీసకపోతావా? మరి తెచ్చుకున్నాక తమ్ముడు ఫోన్లో నాకు మాటిచ్చినాడు కదా. సిన్నది నీదే అక్కా, నువ్వే సాక్కో అన్నాడు. నీకు సెప్పలేదా?"

లేదు. నాకు మాత్రం నువ్వు కొన్నాళ్లే అన్నావు.

నిన్ను ఏమేమి అనాలనుకున్నానో రాస్తే ఈ కాగితం చాలదు. అన్నం తినకుండా పడుకున్నాను. కానీ తెల్లవారి లేచి చూసుకుంటే, నిన్ను అనే ముందు నాది ఒకటి చెప్పుకోవాలి. మన వీధిలో అందరూ మీ అమ్మే చిన్నదాన్ని బలవంతంగా పంపేసిందని అనుకుంటున్నారు. నేనూ అట్లాగే అనుకోనిచ్చాను. అది అబద్ధం. ఆ రోజు మీ అమ్మ "పంపేకి నీకిష్టమేనా?" అని అడిగింది. ఆమె మాట పూర్తి కాకముందే నేను తలూపాను. వాళ్ల ఆటో మలుపు తిరగగానే తలుపు వేసుకుని పెద్దదాని పక్కన పడి, దీపాలు పెట్టేదాకా నిద్రపోయాను. పురుడు అయినప్పటి నుంచి అంత మంచి నిద్ర ఎరగను. ఒకర్ని చూసుకుంటే చాలు అని హాయిగా అనిపించింది. లేచేసరికి ఎడమ పక్క రవిక తడిసి ఉంది. అప్పుడు ఏడ్చాను, అప్పటిదాకా ఏడవలేదు. నా బిడ్డను నేను నిద్రకు ఇచ్చేశాను బావా. నువ్వు మీ అక్క మీద జాలికి ఇచ్చేశావు. ఇంటికి పోయినాక మీ అమ్మ మీద పడ్డ నింద నేనే నలుగురిలో తీసేస్తాను.

నువ్విచ్చిన మాట మాత్రం నేను వెనక్కి తీసుకోలేను. వదినె నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. పొద్దున పెద్దది ఏడిస్తే తానే తెచ్చి ఎడమ పక్క పెట్టింది, తర్వాత చిన్నదాన్ని తెచ్చి కుడి పక్క పెట్టి తల కింద చేయి వేసింది. సీసా కడిగి బోర్లించి ఉంది. అంతలోనే ఇప్పుడు చిన్నదానికి జుట్టు దువ్వుతూ "ఈడే పుట్టినట్టు పెరిగింది" అంటుంది. ఎత్తుకుని బస్టాండుకు పరుగెత్తాలనిపిస్తుంది. ఆమె ముఖం చూసి మళ్లీ కూర్చుంటాను.

ఇప్పుడే వచ్చి "వానికేనా రాసేది?" అని అడిగింది. అవునన్నాను. "నేను ఇయ్యనన్నానని మాత్రం రాయొద్దు. వాడిచ్చినాడు, వాడే అడగల్ల. నోరు తెరిచి ఒగసారి అడిగితే ఇస్తా. నీ అంతట నువ్వు ఎత్తుకపోతే మాత్రం నా పానం నిలవదు" అని చెప్పి, అవతలికి పోయి నిలబడింది.

అడుగు బావా. షెడ్డునిండా జనం ఉన్నా సరే, ఇది చదివి కాగితం మడిచేలోపల అక్కకు ఫోన్ చేసి అడుగు. ఎడమ పక్క ఇప్పుడిప్పుడే మళ్లీ పడుతోంది, ఇంకా కొంచెమే. నువ్వు అడిగేదాకా ఈ ఇంట్లోనే కూర్చుని ఇద్దరికీ ఇస్తూ ఉంటాను.

ఇట్లు,
నీ ఇద్దరు బిడ్డల తల్లి,
నందిని.