బోర్డు బరువు తగ్గుతోంది

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం అని అలవాటుగా రాసి, "మేమంతా" కొట్టేశాను. నేను క్షేమం. నువ్వూ, నీ పడవల మరమ్మతు షెడ్డూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో హలో అన్నాక నాకు మాట పెగలదని నీకు తెలుసుగా, అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, మీ అక్క తెరచాప కట్టి నీళ్లమీద నిలబడి తిరిగే ఆ విండ్‌సర్ఫింగ్ బోర్డు. ఆవిడ పోయినప్పటి నుంచీ బాల్కనీలో వానకి తడుస్తూ నిలబడి ఉంది. నిన్న తుడుద్దామని వంచితే లోపల గుడగుడమంది. ఈ ఇంట్లో నేను కాక ఇంకొకరి గొంతు వినపడి ఆరు నెలలైంది, ఉలిక్కిపడ్డాను. లోపలికి నీళ్లు పోయాయిరా. మీ అక్క దాన్ని చంకన పెట్టుకుని సరస్సుదాకా నడిచేది. నేను ఎత్తేసరికి నడుం పట్టేసింది. ఎలాగో ఎత్తుకుని బాత్రూంలో బరువు చూసుకునే మిషనెక్కాను. ఇద్దరం కలిసి ఎనభై ఎనిమిది కిలోలు. నా డెబ్బై తీసేస్తే బోర్డు పద్దెనిమిది.

దాన్ని ఎలా ఆరబెట్టాలో చెప్పు. పారెయ్యమని మాత్రం అనకు.

నీ బావ

తా.క.: మిషను దిగేటప్పుడు బోర్డుతో "జాగ్రత్త" అన్నాను. ఎవరికీ చెప్పకు.

* * *

బావకి నమస్కారాలు.

పారెయ్యమనే రాద్దామనుకున్నాను. నువ్వు ముందే నా నోరు కట్టేశావు.

ఆ బోర్డు పైన గట్టి పెంకు, లోపల థర్మోకోల్ లాంటి దిమ్మ. పెంకులో ఎక్కడో వెంట్రుకంత పగులుంటుంది. నీళ్లకి లోపలికి పోవడం వచ్చు, బయటికి రావడం రాదు. అందుకని అడుగువైపు డ్రిల్లుతో కన్నం పెట్టు. అందులో పాతగుడ్డ వత్తి దోపు. కన్నం కిందికి ఉండేలా ఏటవాలుగా పడుకోబెట్టు. గది వెచ్చగా ఉండాలి, ఫ్యాను రాత్రీ పగలూ తిరగాలి. అప్పుడప్పుడూ తూచి బరువు రాస్తూ ఉండు. తగ్గడం ఆగిందంటే ఆరిపోయినట్టే. తొందరపడకు బావా, ఇది నెలల పని.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: ఎండలో మాత్రం పెట్టకు. అలిగినప్పుడు అక్క ఉబ్బినట్టు ఉబ్బుతుంది.

* * *

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీస్సులు. మా ఇంట్లో వెచ్చటి గదంటే పడకగదే. బోర్డుని మంచమెక్కించాను. ఏటవాలు కోసం దాని తలకింద రెండు దిండ్లు పెట్టాను, అవి నావే. ఉన్న ఒక్క ఫ్యానూ దానివైపు తిప్పాను. నేను హాల్లో సోఫామీద సర్దుకుంటున్నాను. రోజంతా దాని సేవకే సరిపోతోంది, ఇక వంటెక్కడ? ఒక్కడికి పొయ్యి వెలిగించడమూ దండగే. టీ, బిస్కెట్లతో కానిచ్చేస్తున్నాను.

ఈ నెల్లాళ్లకి ఇద్దరం కలిసి ఎనభై అయిదు! అంటే బోర్డు పదిహేనుకి దిగింది. నీ వైద్యం గొప్పదిరా.

నీ బావ

తా.క.: డ్రిల్లు కొన్నాను. ముందు నా బెల్టుకి కన్నం పెట్టాను. ప్యాంటు నిలవట్లేదు. ఈకాలం గుడ్డలన్నీ ఇలా సాగిపోతున్నాయి.

* * *

బావకి నమస్కారాలు.

నెలకే మూడు కిలోలా! నా షెడ్డులో కూడా ఏ బోర్డూ ఇంత తొందరగా తగ్గలేదు. శభాష్! ఏదీ మార్చకు, ఇలాగే కానియ్యి. ఇంకా వేగం కావాలంటే చేపలతొట్టికి వాడే చిన్న గాలిపంపు కొని, గొట్టం ఆ కన్నంలో పెట్టు.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: నీ పద్ధతే ఇక్కడికి వచ్చేవాళ్లందరికీ చెబుతున్నాను. సోఫామీద పడుకోవడం తప్పనిసరా అని ఒకాయన అడిగాడు.

* * *

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీస్సులు. చేప లేకుండా పంపెందుకని కొట్టువాడు నన్ను అదోలా చూశాడు. సిగ్గేసి ఒక చేపని కూడా కొన్నాను. పంపు బోర్డుకి పోయింది. చేప గాజుసీసాలో నావంకే చూస్తోంది.

ఇద్దరం కలిసి ఎనభై ఒకటి. బోర్డు పదకొండుకి వచ్చింది!

ఒక్క మాట. కన్నం పెట్టాననుకుంటున్నావేమో, పెట్టలేదు. డ్రిల్లు పట్టుకుని ఎన్నిసార్లో వెళ్లాను. పైన మీ అక్క కాళ్లు ఆన్చి ఆన్చి రంగు పోయిన చోట్లు రెండున్నాయి. బోర్లా తిప్పుదామని చెయ్యి వేస్తే మళ్లీ గుడగుడమంది. నీళ్లన్నీ పోతే ఇక పలకదు కదా అనిపించి, చెయ్యి రాలేదురా. ఊరికే పంపుగొట్టం పక్కన పెట్టి ఊదిస్తున్నాను. అయినా తగ్గుతోందిగా, నీకేం బాధ?

నీ బావ

తా.క.: బెల్టుకి రెండో కన్నం పడింది. డ్రిల్లు డబ్బులు దండగ కాలేదు.

* * *

బావా,

నమస్కారాలు వచ్చాక పెడతాను.

అక్కా నేనూ కలిసి కొన్న రోజున ఆ బోర్డు బరువు పన్నెండు కిలోలు. కొత్తది, చుక్క నీరు లేనిది, పన్నెండు. అలాంటిది కన్నం లేకుండా, ఇంకా గుడగుడలాడుతూ, పదకొండెలా అయింది? నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. బిస్కెట్లు, సోఫా, బెల్టు.

బోర్డు పద్దెనిమిది కిలోలూ అలాగే ఉన్నాయి. తగ్గిన ఏడు కిలోలూ నీవి. శభాష్ శభాష్ అంటూ నిన్ను ఎండబెట్టింది నేను.

ఈ ఉత్తరం వెనకాలే వస్తున్నాను. ఈలోగా బోర్డుని దింపి ఆ మంచం నువ్వెక్కు. దిండ్లు నీవి నువ్వు తీసుకో. ఫ్యాను నీవైపు తిప్పుకో. పంపు చేపకిచ్చెయ్యి. ఇద్దరికి సరిపడా అన్నం వండు. నేనూ ఇక్కడ పడవల మధ్య ఒక్కణ్ణే, నిలబడి తింటున్నాను. అక్క పోయాక నీకు రాయడానికి వంక దొరక్క ఊరుకున్నాను బావా. ఆ బోర్డు పుణ్యమా అని రాశాను.

కన్నం సంగతి మెల్లగా చూద్దాం. నువ్వు మళ్లీ డెబ్బైకి వచ్చేదాకా దాన్ని గుడగుడలాడనీ.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: ఆ మిషను తుడిచి ఉంచు. ఈసారి బోర్డు లేకుండా ఎక్కుదువుగాని. దిగేటప్పుడు "జాగ్రత్త" అని నేనంటాను.