గురుపత్ని కుర్చీ

విజయనగరం,
గురువారం.

శ్రీవారికి,

వంటగది నుంచి కామేశ్వరి నమస్కారాలు. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. నేను నోరు విప్పితే మీరు శ్రుతిపెట్టె మీట నొక్కుతారు. శ్రుతి మోగుతుండగా ఎవరూ మాట్లాడకూడదన్నది ఈ ఇంట్లో మీరు పెట్టిన నియమం. కాగితానికి ఆ నియమం లేదు. అందుకని దీన్ని మీ కళ్లజోడు కింద పెడుతున్నాను.

ఆదివారం సన్మాన సభలో నన్ను ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని మీ పక్క కుర్చీలో కూర్చోమన్నారు. గురుదంపతులిద్దరికీ దండలు, మీకు శాలువా, నాకు పసుపుకుంకుమలతో చీర. హాలుకి వస్తాను. ఆ కుర్చీలోకి మాత్రం రాను. ఎందుకో చివరిదాకా చదవండి.

నిన్న సన్మాన సంచిక అచ్చయి వచ్చింది కదా. మీ శిష్యులు రాసినవన్నీ వరసగా కూర్చుని చదివాను. మీ గాత్రం, మీ ఓర్పు, మీ విద్వత్తు. అందులో నేనూ ఉన్నాను. ఇంచుమించు ప్రతి వ్యాసంలోనూ ఉన్నాను. అమ్మగారి చేతి ఉప్మా, అన్నపూర్ణ లాంటి గురుపత్ని, ఆకలి కనిపెట్టే తల్లి. నా ఉప్మా సంగతి మీకు తెలియదా? ఉండలు కడుతుంది. బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లలకి ఖాళీ కడుపుతో గొంతు లేవదని చేసేదాన్ని. అది కలుపుతూనే పాఠం చెప్పేదాన్ని. ఉప్మా అందరికీ గుర్తుంది. పాఠం ఒక్కరికీ గుర్తులేదు.

మన ఇంటి పద్ధతి మీకు నేను చెప్పాలా? చెబుతాను, ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఎవరు చేరినా ముందు వంటగది గడప దగ్గర నా ఎదుట కూర్చుంటారు. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు నేనే చెబుతాను. గొంతు తెరిపించడం, తాళం చేతికి పట్టించడం, ఏడిపించకుండా తప్పు దిద్దడం నా పని. ఒక్కో బిడ్డకి మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది. వర్ణానికి వచ్చాక మంచిరోజు చూసి గది మారుస్తాం. తల్లిదండ్రులు పళ్లూ పంచెలచాపూ తెచ్చి ముందుగదిలో మీ కాళ్లకి దండం పెట్టిస్తారు. ఆ రోజు నుంచి ఆ బిడ్డ మీ శిష్యురాలు. నాకొక జాకెట్టు గుడ్డ. పెళ్లికి ముందు నేనూ గాత్రంలో డిప్లొమా తెచ్చుకున్నాను. అది ఇప్పుడు బీరువాలో కలరా ఉండల మధ్య పడి ఉంది.

నిన్న సాయంత్రం పద్మకుమారి నెల్లిమర్ల నుంచి బస్సులో కూతురు శ్రావణిని పాఠానికి తీసుకొచ్చింది. నా చేతిలో సంచిక చూసి అడిగింది.

"మా పిల్ల రాసింది సూసినారా అమ్మా?"

"చూశాను. ఉప్మా బాగుంటుందని రాసింది."

"ఉప్మాయా? దాని మొహం! అది రాసింది అది కాదమ్మా. నాకు మొదటి పాఠం సెప్పింది కామేశ్వరమ్మగారు, నా గురువు ఆవిడే అని రాసింది. సారే కొట్టీసినారు. ఇదంతా ఎందుకు, అమ్మగారి వంట గురించి రెండు ముక్కలు రాయి, సాలు అన్నారట. పిల్ల రెండ్రోజులు ఏడిసీసింది. ఇదేటి సోద్యమమ్మా?"

మరిచిపోయారంటే ఓర్చుకునేదాన్ని. మీరు మరిచిపోలేదు. బాగా గుర్తుంది కాబట్టే కొట్టేశారు.

మార్చిలో మహిళా దినోత్సవానికి మిమ్మల్ని పిలిచారు. సరస్వతి ఆడది, ఆడది లేనిదే నాదం లేదు అని మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ "కాఫీ" అన్నారు. సరస్వతి ఇంట్లో లేదు కాబట్టి నేనే పెట్టాను.

ఇంటి లెక్కలో పాలవాడి అర్ధలీటరు కూడా తప్పిపోనివ్వని మనిషిని నేను. అలాంటిదాన్ని నన్నే లెక్కలోంచి తీసేస్తే ఊరుకుంటానని ఎలా అనుకున్నారు?

ఆ కుర్చీ ఈ పిల్లలకి పాఠం చెప్పిన మనిషిదని మీరు మైకులో చెప్పండి. వస్తాను. లేదంటే పక్కన ఖాళీ కుర్చీతోనే సన్మానం చేయించుకోండి.

మీ
కామేశ్వరి


విజయనగరం,
బుధవారం.

జానకిరామయ్యగారికి,

మీరు నా ఉత్తరం చదివారని గురువారమే తెలుసు. కళ్లజోడు చోటు మారింది. శుక్ర, శనివారాలు శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది.

ఆదివారం ఆకుపచ్చ చీరే కట్టుకున్నాను, అది నాకు బాగుంటుంది కాబట్టి. మూడో వరసలో పద్మకుమారి పక్కన కూర్చున్నాను. సభ కార్యదర్శి నరసింగరావుగారు "గురుపత్ని లక్ష్మీకామేశ్వరిగారు వేదిక మీదికి రావాలి" అని పిలిచి, మళ్లీ పిలిచారు. మీరు నావైపు చూశారు. నా కళ్లలోకి చూసి, మైకు అందుకుని అన్నారు: "ఆవిడకి ఒంట్లో నలతగా ఉందండీ, రాలేకపోయింది."

పద్మకుమారి లేచి నిలబడింది.

"అయ్యో సారూ, అమ్మగారు ఇక్కడే ఉన్నారండీ! ఇప్పుడే నాతో పకోడీలు తిన్నారు. నలతా లేదు, గిలతా లేదు!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులో నేను లేచాను. పిల్లల గొంతుల్లో వణుకు తీయడం నా పని, నా గొంతు వణకలేదు. "నాకు బాగానే ఉందండీ. ఆ కుర్చీ గురుపత్నిదన్నారు, అందుకని రాలేదు. వీళ్లందరికీ సరళీ వరసలు చెప్పిన టీచరుదైతే చెప్పండి, ఇప్పుడే వస్తాను."

మీరు మెడలో దండ సర్దుకున్నారు. నరసింగరావుగారు "అమ్మగారు చమత్కారి" అని తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. నేను తెరిపించిన గొంతులు ఆ హాల్లో ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ పెగల్లేదు. అందరికీ తల దించుకోవడానికి ఒళ్లో సంచిక దొరికింది. ఒక్క శ్రావణి మాత్రం, గీతం పాడడానికి వేదికెక్కిన పిల్ల, మెట్లు దిగి వచ్చి నా పక్కన కింద కూర్చుంది. ఎంత పిలిచినా మళ్లీ ఎక్కలేదు.

ఆటోలో మీరు "నలుగురిలో నా పరువు తీశావు" అన్నారు.

"మీరు కొట్టేసింది ఎవరి పరువు?" అన్నాను.

కోట దాటాక మెల్లగా అన్నారు. "ఆ పిల్ల రాసింది అచ్చయితే ఇక నేను నేర్పిందేముందని జనం అనుకోరూ?"

మన కాపురంలో మీరు నాతో చెప్పిన నిజాల్లో అది పెద్దది. నా కోపం తగ్గలేదు. కానీ మీరు దేనికి భయపడ్డారో తెలిశాక నాకు భయం పోయింది.

ఈ రోజు శ్రావణి గది మారాల్సిన రోజు. పద్మకుమారి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఎవరి ముందు పెట్టాలే?" అంటే ఆ పిల్ల చప్పుడు చేయకుండా తెచ్చి నా ముందు పెట్టింది. పంచెలు నాకెందుకు, మార్చి చీర తెమ్మన్నాను. తర్వాత ముందుగదిలో, మీ చాప మీద కూర్చుని, శ్రుతిపెట్టె మీట నొక్కి వర్ణం మొదలుపెట్టాను. ఈసారి గది మారింది నేను.

మీరు గుమ్మం దగ్గర నిలబడి "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగారు. శ్రుతి మోగుతోంది కదా, మాట్లాడలేదు. జవాబు రాస్తున్నాను.

రేపు సాయంత్రం బడి వదిలాక ముగ్గురు కొత్త పిల్లలు వస్తారు. వంటగది గడప దగ్గర చాప వేసి ఉంచాను. సరళీ వరసల నుంచి మొదలుపెట్టండి. మధ్యలో వాళ్లకి ఆకలేస్తుంది. రవ్వ డబ్బా రెండో అరలో ఉంది, ఆవాలు దాని పక్కనే. ఉండలు కట్టకుండా కలపండి. పెద్దయ్యాక వాళ్లు మీ గురించి రాయాలి కదా.

ఇట్లు,
లక్ష్మీకామేశ్వరి
సంగీతం టీచరు