ఇరవై మందికి మించకుండా

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నాకు ఒంట్లో బాగానే ఉంది. మీ ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను.

అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. అప్పుడు నువ్వు పురిటి మంచం మీద ఉన్నావని పూర్తిగా చెప్పలేదు. పొద్దున కాసిని పాలు తాగింది. కిటికీ తెర అంచు ఊడిందని సూది ఇమ్మంది. వద్దన్నాను. "అయితే మీరు కుడతారా?" అని నవ్వింది. మధ్యాహ్నానికి ఊపిరి అందలేదు. చెయ్యి పట్టుకునే ఉన్నాను. తెర ఇంకా అలాగే ఉంది.

చంటిదానికి పళ్లు వస్తున్నందుకు సంతోషం. ఒళ్లు వెచ్చబడితే కంగారు పడకు, చిన్నప్పుడు నీకూ అంతే.

నా పని గురించి అడిగావు. సభలు, ఊరేగింపుల చట్టాన్ని మారుస్తున్నారు. గొడవల రోజుల్లో తెచ్చిన చట్టం కదా, వీధిలో ఇరవై మందికి మించి కలిసి నడవాలంటే అనుమతి ఉండాలి. శవం వెనక నడిచినా అంతే. కొత్త ముసాయిదా రాసేవాళ్లలో నేనొకణ్ణి. పోయిన వారం కమిటీ అధ్యక్షుడు, "అంతిమయాత్రలకు మినహాయింపు ఇద్దామా? ఎవరైనా ఇబ్బంది పడ్డారా?" అని అడిగారు.

"మా దృష్టికి రాలేదండీ" అన్నాను.

ఇక కత్తెర పిన్ని సంగతి. ఇన్నేళ్లూ అమ్మ పక్కన నిలబడి బట్ట కత్తిరించిన మనిషి చివరి చూపుకైనా రాలేదని, ఆవిడ ఉత్తరానికి జవాబివ్వనని రాశావు. అంటే ఆవిడ ఆ ఉత్తరంలో నా మాట ఎత్తలేదన్నమాట. ఎవరూ రాలేదని నీకు చెప్పింది నేనే.

వచ్చారమ్మా. అంతిమయాత్ర రోజు అమ్మతో పనిచేసిన కుట్టుపనివాళ్లంతా వచ్చారు. వీధి మలుపు దాకా నిలబడ్డారు. పోలీసులు అడ్డుకోలేదు. నేనే గుమ్మం దిగి, అనుమతి లేదు, వెళ్లిపొమ్మన్నాను.

"అక్క ఇప్పుడేం నినాదాలిస్తుంది బావగారూ? దారం తెగితే తప్ప గొంతెత్తని మనిషి!" అంది పిన్ని.

"చట్టం అలా ఉందమ్మా."

"చట్టం సరే. మీరేమంటారు?"

నేను అమ్మను ఉంచిన బండి ఎక్కాను. వాళ్లు గోడల వారకు జరిగి దారి ఇచ్చారు.

ముందురోజు ఒక్క ఫోను చేస్తే అనుమతి వచ్చేది. వాళ్లకో కార్మిక సంఘం ఉంది. వాళ్లు నా ఇంటి ముందు చేరారని ఆఫీసులో అనుకుంటారని చేయలేదు. ఉద్యోగం పోతుందని కూడా కాదు. అనుకుంటారని.

ముందు పిన్నికి రాయి. నాకు తర్వాత రాద్దువుగాని, రాయాలనిపిస్తే.

రేపు పొద్దున జనం చెప్పేది కమిటీ వింటుంది. అధికారుల బల్ల దగ్గర కూర్చోను. బయట వరసలో నిలబడతాను. నా వంతు వచ్చాక, ఇబ్బంది పడ్డవాళ్లు ఉన్నారని, వాళ్లను వెళ్లగొట్టింది నేనేనని చెబుతాను.

ఇట్లు,
నాన్న